ఉన్నచోట ఎదుగుట

గత వేసవి సెలవులకు ముందు ఒక సాయంకాలము మా పాత విద్యార్థి యొకడు బడికి వచ్చెను. పదవ తరగతి వరకు ఇచ్చటనే తెలుగు మాధ్యమమున చదివినవాడు. తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చి, మన హోసూరు పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారమున చేరెను. అందు వానికి మూడవ సంవత్సరము నడచుచున్నది. వాని చేతిలో ఒక కాగితమున్నది. బెంగుళూరులోని మఱియొక సంస్థవారు నెలకు నాలుగువేల రూపాయలు ఎక్కువ ఇత్తుమని వ్రాసిన ఉత్తరమది. "అయ్యవారూ, పోవాలా, ఉండాలా? మీరే చెప్పండి" అని అడిగెను.

ఉపాధ్యాయుల గదిలో ఉన్న మాలో అప్పటికప్పుడే రెండు పక్షములేర్పడినవి. "జీతము హెచ్చుగా నిచ్చుచోటికి పోవుటయే తెలివి, ఈ కాలమున ఒకే గుమ్మము పట్టుకొని యుండువానిని ఎవరు లెక్కపెట్టుదురు?" అని కొందరము అంటిమి. "పొరుగింటి పుల్లకూర రుచి, పోయి చూచిన తరువాత గాని ఆ నాలుగువేలలో అద్దెకెంత పోవునో, బస్సుకెంత పోవునో తెలియదు. ఉన్న ఊరు కన్నతల్లి" అని మఱికొందరము అంటిమి. ఆ కుఱ్ఱవాడు ఇరుపక్షముల మాటలును విని, మేమిచ్చిన టీ త్రాగి, ఏమియు తేలక, వచ్చువారము మరల వత్తునని చెప్పి సెలవు తీసికొనెను.

వాడు గేటు దాటిన తరువాత మాకు కొంచెము సిగ్గు కలిగెను. బ్రతుకు దారి అడుగ వచ్చిన పిల్లవానికి మేము చేతిలో పెట్టినవి రెండు సామెతలు మాత్రమే. ఈ బడి నుండి ఏటేట బయటికి పోవు పిల్లలలో పలువురు ఈ ఊరి చుట్టునున్న కర్మాగారములలోనే చేరుదురు. నేడు వానికి వచ్చిన ప్రశ్న రేపు వీరందరికిని వచ్చును. కావున ఆ వారము దినములు మేము కూర్చుండి ఆలోచించి, మాలో మేము వాదించుకొని, తేల్చుకొనిన అభిప్రాయమును ఈ పత్రికాముఖమున విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

మా అభిప్రాయమిది. ఒకే సంస్థలో దీర్ఘకాలము పనిచేయుట మేలైన మార్గమే. కాని అందుకు రెండు నియమములు కలవు. ఆ సంస్థ కాలముతో మారుచుండవలెను. దానితోపాటు పనివాడును మారుచుండవలెను. ఈ రెంటిలో ఏ యొక్కటి లేకున్నను ముప్పది యేండ్ల కొలువు ముప్పదిమార్లు గడపిన ఒకే యేడగును. గానుగెద్దు తెల్లవారినది మొదలు నడచుచునే యుండును. సాయంకాలమునకు చూచినచో ఉన్నచోటనే యుండును. మేము మెచ్చునది గానుగెద్దు నిలుకడను కాదు.

మాటలతో చెప్పుటకంటె మన కన్నులయెదుట నున్నదానిని చూపుట మంచిది. చంద్రచూడేశ్వరుని కొండ యెక్కి చూచినచో ఊరి చుట్టును కర్మాగారముల కప్పులు కనబడును. 1970వ దశకమున ప్రభుత్వమువారు ఇచ్చట పారిశ్రామికవాడను నెలకొల్పక పూర్వము ఈ చుట్టుపట్ల బ్రతుకు రాగిచేనును, చింతతోపును నమ్ముకొనిన బ్రతుకు. ఆ తరువాత వచ్చిన సంస్థలలో టైటన్ కథ మన విద్యార్థులు తెలిసికొనదగినది.

1984లో టాటావారును, తమిళనాడు ప్రభుత్వమునకు చెందిన టిడ్కో సంస్థవారును కలిసి టైటన్ వాచెస్ అను పేర ఈ సంస్థను స్థాపించిరి. 1987లో ఆ గడియారములు అంగళ్ళకు వచ్చినవి. ఆ కర్మాగారమున తొలినాళ్ళలో పని నేర్చినవారిలో అనేకులు చుట్టుపట్ల పల్లెలలోను, చిన్న ఊళ్ళలోను పండ్రెండవ తరగతి ముగించి వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్లలే. బూరుగుదూది రేణువు పడినను పాడగు చిన్న చిన్న చక్రములను చిమటాతో పట్టి, కంటికి భూతద్దము పెట్టుకొని అమర్చుట వారు నేర్చిరి. అంతవఱకు కొడవలియు, గొడ్డలియు పట్టిన యిండ్ల పిల్లలకు అది క్రొత్త విద్య.

ఆ సంస్థ గడియారములతోనే ఆగియుండిన యెడల ఆ పిల్లల కథయు అచ్చటనే ఆగిపోయి యుండును. అట్లు జరుగలేదు. 1990వ దశకము నడుమ తనిష్క్ అను పేర నగల వ్యాపారమును మొదలుపెట్టిరి. మొదట పదునెనిమిది కేరట్ల బంగారముతో రాళ్ళు పొదిగిన నగలను చేసిరి. మన ఇల్లాండ్రకు ఇరువదిరెండు కేరట్ల బంగారము కావలెను గాని ఆ నగలు రుచింపలేదు. కొన్ని సంవత్సరములు నష్టము వచ్చెను. అప్పుడు సంస్థవారు కొనువారిని తప్పుపట్టక, తమ తప్పు దిద్దుకొనిరి. ఇరువదిరెండు కేరట్ల నగలను చేయసాగిరి. బంగారమును కరగింపకయే దాని మేలిమిని చూపు కేరట్ మీటరు అను యంత్రమును అంగడిలోనే పెట్టి, కొనువారి కన్నులయెదుట పరీక్షించి చూపిరి. నేడు ఆ సంస్థ రాబడిలో నాలుగింట మూడువంతులకు మించి నగల వలననే వచ్చుచున్నది. 2002లో యంత్రము మందము 1.15 మిల్లీమీటరు మాత్రమే గల ఎడ్జ్ గడియారమును తెచ్చిరి. మొత్తము గడియారము మందము 3.5 మిల్లీమీటరులు. 2007లో కంటి అద్దముల వ్యాపారము, 2017లో తనైరా అను పేర చీరల వ్యాపారము వచ్చినవి. గడియారపు భాగములను చేయుటకై తాము తయారుచేసికొనిన పనిముట్ల నేర్పు పెరిగి పెరిగి, విమానముల భాగములను, ఇతర కర్మాగారములకు కావలసిన యంత్రములను చేయు వేఱొక శాఖయైనది. టైటన్ వాచెస్ అను పేరు 1993లో టైటన్ ఇండస్ట్రీస్ గాను, 2013లో టైటన్ కంపెనీ గాను మారినది.

మన కృష్ణగిరి జిల్లా రైతులకు మామిడిని గూర్చి చెప్పవలసిన పనిలేదు. కాపు తగ్గిన పాతచెట్టును వేరుతో పెకలింపక, కొమ్మలు కొట్టి క్రొత్త జాతి అంటు కట్టుదురు. వేరు పాతదే, మ్రాను పాతదే, కాయ క్రొత్తది. మారునట్టి సంస్థ ఇట్టిది. అందు ఇరువదియేండ్లు పనిచేసినవాడు ఇల్లు మారకయే మూడు నాలుగు వృత్తులను చూచి యుండును.

పై మెట్టు వరకు ఎక్కినవారిని చూచినను ఇదియే కనబడును. భాస్కర్ భట్ గారు 1983లో, ఆ సంస్థ ఇంకను కాగితముపై నున్న కాలముననే, గడియారముల పథకమున చేరి, 2002 నుండి 2019 వరకు దానికి మేనేజింగ్ డైరెక్టరుగా నుండిరి. వారి తరువాత ఆ పదవికి వచ్చిన సి.కె. వెంకటరామన్ గారు 1990లో ప్రకటనల, విక్రయముల పనిలో చేరినవారు. 2005 నుండి నగల శాఖను నడపినవారు. ఇరువురును బయటినుండి పల్లకిలో దిగినవారు కారు. అయితే ఒకమాట దాపరికము లేకుండ చెప్పవలెను. వారు పెద్ద చదువులు చదివి చేరినవారు. మన పిల్లలు ఐ.టి.ఐ. చదువుతోనో, డిప్లొమాతోనో చేరుదురు. అందరును మేనేజింగ్ డైరెక్టరులు కారు, కానక్కరలేదు. ఫిట్టరుగా చేరినవాడు పనిముట్లు చేయువాడగుట, ఆపై పదిమందికి పని నేర్పువాడగుట, ఆపై ఒక విభాగమునకు సూపర్వైజరగుట, ఇదియు ఎదుగుదలయే. మేము మాటలాడునది ఈ మెట్లను గూర్చియే.

మఱియొక నిదర్శనము ఈ ఊరిలోనే కలదు. 1980లో ఇచ్చటినుండియే టి.వి.ఎస్. 50 అను చిన్న మోపెడ్డు బయలుదేరెను. ఇద్దరు కూర్చుండి పోదగిన మోపెడ్డు మనదేశమున అదియే మొదటిది. పాలక్యానులు, కూరగాయల మూటలు, పెండ్లికూతుండ్రు, అందరును దానిమీద ఊరేగిరి. 1984లో జపాను దేశపు సుజుకీవారితో కలిసి నూరు సి.సి. మోటారుసైకిలు చేసిరి. 2001లో ఆ పొత్తు విడిపోయెను. ఇక ఈ సంస్థ పని ముగిసినదని అనుకొనినవారు లేకపోలేదు. ఆ సంవత్సరమే వారు తమ సొంత రచనతో విక్టర్ అను మోటారుసైకిలును తెచ్చిరి. మరుసటి యేడు, 2002లో, నాణ్యమునకై జపానువారిచ్చు డెమింగ్ బహుమానమును పొందిరి. 2013లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. వారితో పొత్తు కుదిరి, ఆ మోటారుసైకిళ్ళును హోసూరులోనే తయారగుచున్నవి. 2020లో ఐక్యూబ్ అను విద్యుత్ స్కూటరు వచ్చెను.

ఈ సంవత్సరముల పట్టికను ఒక పనివాని కన్నులతో చదువుడు. 1980లో ఇరువదియేండ్ల వయసున చేరినవాడు చిన్న ఇంజనులో పిస్టను బిగించి యుండును. నలుబదియేండ్లు నిండునప్పటికి సొంత రచన గల మోటారుసైకిలు వచ్చెను. పదవీవిరమణ నాటికి పిస్టనే లేని బండి, కార్బ్యురేటరే లేని బండి, బ్యాటరీతో నడచు బండి గేటుకడ నిలిచెను. వాడు పోలేదు, ఊరు మారలేదు, గేటు మారలేదు. కాని ఆ గేటు లోపల పని నాలుగుమార్లు మారెను. ఆ మార్పు వచ్చినప్పుడెల్ల ముందుకు వచ్చి "నాకు నేర్పుడు" అన్నవాడు ఒకచోట నుండును. "నా పని నాకు చాలును" అన్నవాడు వేఱొకచోట నుండును. డెమింగ్ బహుమానము వంటిది ఒక్క యజమాని వలన వచ్చునది కాదు. ప్రతి మరకడ నిలిచినవాడు తన పనిలోని లోపమును తానే చూచి, వ్రాసిపెట్టి, పైవానితో చెప్పినప్పుడు గాని నాణ్యము నిలువదు.

ఇంతవరకు మారిన సంస్థలను చూపితిమి. మారనివియు, మారుటకు వీలులేనివియు మన చేరువలోనే కలవు. వానిని చూపక విడిచినచో మేము పిల్లలను మోసపుచ్చినట్లగును.

బెంగుళూరులో 1953లో పుట్టిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ అను ప్రభుత్వ సంస్థ 1961లో జపానులోని సిటిజన్ వారి సహాయముతో గడియారములు చేయసాగెను. ఒకప్పుడు పదవ తరగతి ప్యాసైన పిల్లవానికి తండ్రి కొనియిచ్చునది, అల్లునికి మామ పెట్టునది హెచ్.ఎం.టి. గడియారమే. మీకు పాఠములు చెప్పిన మాలో ఒకరిద్దరి చేతులకు నేటికిని అదియే యున్నది. ఆ సంస్థ క్వార్ట్జు గడియారములను చేయక పోలేదు. కాని తాళమిచ్చి నడపు గడియారముపైననే ఎక్కువ నమ్మకముంచెను. జనము క్వార్ట్జు వైపు మొగ్గిరి. దాని పనివారిలో అనుభవజ్ఞులు కొందరు ముందుగనే వచ్చి మన ఊరి క్రొత్త సంస్థకు పని నేర్పిరి. 2016లో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. అచ్చటి పనివారు నేర్పులేనివారు కారు. వారి చేతినేర్పు గొప్పది. వారి సంస్థ కాలము వెనుకబడెను.

కోలారు బంగారు గనుల కథ ఇంకను కష్టమైనది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు త్రవ్వకము మొదలుపెట్టినది మొదలు తాతలు, తండ్రులు, మనుమలు ఆ గనినే నమ్ముకొనిరి. తమిళులును, తెలుగువారును వేలకొలది మూడు కిలోమీటరులకు మించిన లోతునకు దిగి పనిచేసిరి. గని యెంత లోతైనను ఒకనాటికి తరుగును. తీయుటకగు వెచ్చము దొరకు బంగారము వెలను మించెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. నాటినుండి ఆ ఊరి జనము వేలకొలది తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరికి పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుచున్నారు. గనిలో మూడుతరములు నేర్చిన విద్య గని బయట చెల్లలేదు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న పెద్దల మాటకు ఇంతకంటె నిదర్శనము వేఱు కావలయునా? విశ్వాసముతో పనిచేయుట మంచిగుణమే. కాని ఆ విశ్వాసము గోడలపై గాక నేర్చుకొను విద్యపై నుండవలెను.

ఇక రూపాయల లెక్క. మా లెక్కల అయ్యవారు ఈ భాగమును పలకపై వేసి చూపిరి. గ్రాట్యుటీ అనునది ఒకే యజమాని యొద్ద దీర్ఘకాలము పనిచేసినవానికి చట్టము చూపిన ప్రతిఫలము. ఆ చట్టము ప్రకారము అయిదేండ్లు ఎడతెగక పనిచేసిన స్థిరోద్యోగికి, ఒక్కొక్క సంవత్సరమునకు పదునైదు దినముల జీతము చొప్పున ఈయవలెను. చివరి నెల వేతనమును 26 చేత భాగించి 15 చేత హెచ్చింపవలెను. చివరి జీతము 52,000 రూపాయలైనచో ఏడాదికి 30,000. ముప్పది యేండ్లకు 9 లక్షలు. నాలుగేండ్లకొకసారి సంస్థ మార్చుచు పోయిన స్థిరోద్యోగికి ఈ లెక్కలో వచ్చునది సున్న. ప్రావిడెంటు ఫండు మాట వేఱు. సంస్థ మారినను ఆ ఖాతాను వెంట తీసికొని పోవచ్చును. కాని దానిని తీసికొని ఖర్చుపెట్టువారును కలరు. పది సంవత్సరముల సేవ లెక్కకు రానిచో ఆ పథకమున నెలనెల వచ్చు పింఛనుకు అర్హత కలుగదు. నాలుగువేలు ఎక్కువ యనునప్పుడు ఈ లెక్కయంతయు రెండవ తట్టలో వేసి తూచవలెను.

అయినను మాలోని చిన్న వయసు ఉపాధ్యాయులొకరు ఒక గట్టి ఆక్షేపణ చేసిరి. "మీరు చెప్పునది మన తండ్రుల కాలపు మాట. ఉండుమని పిల్లలకు చెప్పుచున్నారు. ఉంచుకొను సంస్థ లేవి? నేడు ఎందఱినో అప్రెంటిసులుగా తీసికొని ఏడాది కాగానే పంపివేయుచున్నారు. కంట్రాక్టరు మనుష్యులుగా పెట్టుకొనుచున్నారు" అనిరి. ఈ మాటలో నిజమున్నది. 2018లో కేంద్రప్రభుత్వము ఇన్ని నెలలని గడువు వ్రాసి యిచ్చు ఉద్యోగములను అన్ని పరిశ్రమలలోను అనుమతించెను. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మికచట్టములు అట్టివారికి ఒక్క సంవత్సరము సేవకే గ్రాట్యుటీ హక్కు కలిగించినవి. అది కొంత ఊరట. కాని గడువు గడువే. మన జిల్లాలో మొబైలు ఫోనుల భాగములు చేయుటకు, విద్యుత్ బండ్లు చేయుటకు క్రొత్తగా వెలసిన కర్మాగారములలో వేలకొలది యువకులు, ముఖ్యముగ యువతులు, పనిచేయుచున్నారు. వారిలో ఎందఱు అచ్చట పదియేండ్లుందురో ఎవరు చెప్పగలరు?

కావున నిలుకడను గూర్చి పనివానికి మాత్రమే హితబోధ చేయుట న్యాయము కాదు. ఏరు దాటి తెప్ప తగులబెట్టు గుణము పనివానికి తగనట్లే యజమానికిని తగదు. పనివాడు ముప్పది యేండ్లు ఉండవలెనని కోరు సంస్థ వానికి ముప్పది యేండ్లును నేర్పుచుండవలెను. నేర్పక, పెంపక, గడువు పెట్టి పంపివేయు సంస్థకు విశ్వాసమును అడుగు హక్కు లేదు. ఈ మాట మేము నిర్మొగమాటముగ చెప్పుచున్నాము. అయినను గడువు ఉద్యోగములో చేరినవానికి కూడ మా సలహా ఒకటే: ఆ గడువులోపల ఏమి నేర్చితిని అని నెలకొకసారి తన్ను తాను అడుగుకొనవలెను.

చెప్పిన మాట ప్రకారము ఆ కుఱ్ఱవాడు మరుసటి వారము వచ్చెను. ఈసారి మేము సామెతలు చెప్పలేదు, ప్రశ్నలు వేసితిమి.

"మూడేండ్లలో ఎన్ని మరలపై పనిచేసితివి?"

"ఒక్కటే, అయ్యవారూ. చేరిన నాడు ఏ మర దగ్గర నిలబెట్టినారో అక్కడే ఉన్నాను."

"కంప్యూటరుతో నడచు మరలు మీ కర్మాగారమున లేవా?"

"ఉన్నాయి. ప్రక్క షెడ్డులోనే. వాటికి శిక్షణ కూడా ఇస్తారు."

"నీవు అడిగితివా?"

వాడు తల వంచుకొనెను. కొంతసేపటికి చెప్పెను: "శిక్షణకు దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి. మా సూపర్వైజరు తమిళంలో మాట్లాడతాడు. నేను తెలుగు మీడియం వాడిని. తప్పు రాస్తే నవ్వుతారేమో అని ఊరుకున్నాను."

ఆ మాట విన్న తరువాత మా గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

వాడు మంచి విద్యార్థి. లెక్కలలో ఎప్పుడును డెబ్బదికి తగ్గినవాడు కాడు. అడిగిన ప్రశ్నకు నిలిచి సమాధానము చెప్పెడివాడు. అదియే మాకు గుచ్చుకొనినది. అడిగినప్పుడు చెప్పుట వానికి మేము నేర్పితిమి. తానై అడుగుట నేర్పలేదు. తరగతిలో నోరుమూసికొని కూర్చుండినవానిని మంచిపిల్లవాడంటిమి. ఆ మంచితనమునే వాడు కర్మాగారమునకు తీసికొనిపోయి మూడేండ్లు ఒక మరకడ నిలిచిపోయెను. ఇప్పుడు ఈ మూడేండ్ల మౌనమునే వెంటబెట్టుకొని బెంగుళూరికి పోయిన యెడల అచ్చటను మఱియొక మరకడ నిలిచిపోవును. నాలుగువేలు ఎక్కువ తీసికొని నిలుచును, అంతియే భేదము.

తెలుగు మాధ్యమమున చదువుట తక్కువతనమను భయము వానికెట్లు పుట్టినది? 2006లో మన రాష్ట్రమున తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు మన బడులు, మన పిల్లలు పడిన చిక్కులు ఈ పత్రిక చదువరులెరుగనివి కావు. ఇక ఈ మాధ్యమమునకు భవిష్యత్తు లేదన్న మాట వినివిని పిల్లల గుండె పిఱికిదైనది. కాని నిజము చూడుడు. ఈ హోసూరు పిల్లవాడు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడును. ఇంగ్లీషు చదివి అర్థము చేసికొనగలడు. ఇన్ని నోళ్ళతో పని చేయింపవలసిన మన కర్మాగారములలో సూపర్వైజరుకు ఇంతకంటె కావలసిన యోగ్యత ఏది? లోపము వాని భాషలో లేదు. నోరు తెరచి అడుగు ధైర్యములో నున్నది. ఆ లోపము వానిదికంటె మాది ఎక్కువ.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. మేము వానికి తుదకు చెప్పినది ఇంతే. "నాయనా, బయటివారి ఉత్తరమునకు జవాబు వ్రాయుటకు ముందు లోపలివారికి ఒక దరఖాస్తు వ్రాయుము. ఆ ప్రక్క షెడ్డులోని మరపై శిక్షణ కావలెనని అడుగుము. ఒక్కసారి కాదు, మూడుసార్లు అడుగుము. ఇచ్చినచో ఉండుము, నేర్చుకొనుము, మరల తరువాతి మెట్టునకై అడుగుము. ఒక సంవత్సరము చూచియు వారు తలుపు తీయకపోయిన యెడల, నిశ్చింతగ వెళ్ళుము. అప్పుడు నీవు పోవుట నాలుగువేలకై కాదు, నేర్చుకొనుటకై. అట్టి పోకను మేము తప్పుపట్టము."

ఆ సాయంకాలము వాడును, మా ఇంగ్లీషు అయ్యవారును కూర్చుండి ఆ దరఖాస్తును వ్రాసిరి. ఎనిమిది పంక్తులు. మూడుమార్లు కొట్టివేసి, నాలుగవమారు శుభ్రముగ వ్రాసిరి. కొట్టివేసినవన్నియు వానివి కావు, అయ్యవారివియు కలవు. వాడు దానిని మడచి చొక్కా జేబులో పెట్టుకొని పోయెను. దాని ఫలితమేమైనదో ఈ పత్రిక అచ్చునకు పోవునాటికి మాకు తెలియదు.

మా వంతు పనిని మాత్రము మేము మొదలుపెట్టితిమి. ఈ విద్యాసంవత్సరము నుండి శనివారము చివరి పీరియడున తొమ్మిది, పది తరగతులలో ఉపాధ్యాయులు ప్రశ్నలు వేయరు, విద్యార్థులే వేయుదురు. పాఠమును గూర్చి వేయవచ్చును, బడిని గూర్చి వేయవచ్చును, మమ్ములను గూర్చియు వేయవచ్చును. నెలకొకసారి ఒక్కొక్కరును ఒక దరఖాస్తు వ్రాయవలెను. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, తమిళములో ఒకటి. తప్పు వ్రాసినవానిని చూచి ఎవరైన నవ్విన యెడల, ఆ నవ్వినవాడే మరుసటి వారము మొదట వ్రాయవలెను.

మొదటి శనివారము తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె లేచి, "అయ్యవారూ, మీరు ఈ బడిలోనే ఇరువదిరెండేండ్లుగా ఉన్నారు కదా, ఆ యేండ్లలో మీరేమి క్రొత్తగ నేర్చుకొన్నారు?" అని మాలో ఒకరిని అడిగెను. వారు వెంటనే జవాబు చెప్పలేకపోయిరి. ఆ జవాబును ఇప్పటికిని వెదకుచున్నారు. ఆ పిల్లకు మేమందరమును ఋణపడి యున్నాము.